తెల్ల మచ్చలు ఎవరి చేతివి

పోయిన వారం భాగంలో అత్తయ్య నోరు జారింది. అప్పటికది నోరు జారడంలా లేదు, ధైర్యంగా మాట్లాడటంలా ఉంది. గోళ్ళకు వేసిన జెల్ పాలిష్ రంగు తీయించుకుని వెళ్ళిన ఆపరేషన్ థియేటర్ నర్సు రెండు రోజులకే తిరిగొచ్చి, పది వేళ్ళూ బల్ల మీద పరిచింది. ప్రతి గోటి మీదా సుద్దముక్కతో గీసినట్టు తెల్ల మచ్చలు. "ఇవి మీ షాపు చేసినవే," అంది. అత్తయ్య కోడలి వైపు చూసింది. "పావుగంట నానబెట్టాను అత్తయ్యా, అంతా మీరు నేర్పినట్టే చేశాను," అని కోడలు చెప్పింది. అంతే, అత్తయ్య కుర్చీలోంచి లేచి, చెప్పుల కొట్టు దాకా వినిపించేలా, "మా చేతుల్లో జరిగిందని తేలితే ఈ చేత్తోనే షట్టర్ దించేస్తాను," అనేసింది.

కొత్తగా మనతో కలిసినవాళ్ళకి ఇంకో నాలుగు ముక్కలు చెప్పాలి. అత్తయ్య నిజానికి ఒక్కరికే అత్తయ్య. కోడలి నోట రోజుకు వందసార్లు విని విని వీధి మొత్తం ఆవిణ్ణి అలాగే పిలవడం మొదలుపెట్టింది. చెప్పుల కొట్టుకీ జిరాక్సు కొట్టుకీ మధ్య ఇరుక్కున్న ఆ గోళ్ళ షాపులో రెండు బల్లలు, రెండు దీపాలు, వెనక ఒక చిన్న గది. ఒక బల్ల అత్తయ్యది, రెండోది కోడలిది. ఇద్దరినీ కలిపిన మనిషి మూడేళ్ళ కిందటే పోయాడు. కొడుకు పోయాక కోడలు పుట్టింటికి వెళ్ళిపోతుందని అందరూ అనుకున్నారు. వెళ్ళలేదు. ఉండమని అత్తయ్య అడగలేదు, ఉంటానని ఈ పిల్ల చెప్పనూ లేదు. ఒకరోజు పొద్దున అత్తయ్య రెండో బల్ల తెచ్చి వేయించింది, కోడలు దాని వెనక కూర్చుంది. వాళ్ళిద్దరి మధ్యా ఉన్న ఒప్పందం అదొక్కటే. కాబట్టి షట్టర్ దించేస్తానన్న మాట వినడానికి ఎంత దర్జాగా ఉన్నా, దించాల్సి వస్తే పోయేది షాపు ఒక్కటే కాదు. అత్తాకోడళ్ళు ఒక కప్పు కింద ఉండటానికి ఉన్న కారణం కూడా పోతుంది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు, ఇద్దరూ ఎప్పుడూ అనుకోలేదు.

నర్సు కూర్చోలేదు.

"మేడమ్, మీతో గొడవ పడే టైము నాకు లేదు," అంది. ఎప్పుడూ ఆంటీ అని పిలిచే మనిషి మేడమ్ అనేసరికి అత్తయ్యకి చురుక్కుమంది. "నాలుగింటికి మా ఆసుపత్రిలోనే చర్మం డాక్టరు గారు చూస్తానన్నారు. ఇది ఫంగస్ కాదని తేలేదాకా ఆపరేషన్ థియేటర్ గడప తొక్కొద్దని మా ఇన్‌ఛార్జి సిస్టర్ చెప్పేసింది. వచ్చే నెల డ్యూటీ లిస్టు ఇవాళ సాయంత్రం అతికిస్తారు. ఆరేళ్ళు వార్డుల్లో తిరిగితే దొరికింది నాకా థియేటర్. ఇప్పుడు నా పేరు తీసేశారంటే మళ్ళీ ఎప్పుడు ఎక్కిస్తారో ఎవరికీ తెలీదు."

"థియేటర్లో పనిచేసేదానివి, జెల్ ఎందుకు వేయించుకున్నావమ్మా మరి?" అని పక్క కుర్చీలోంచి బ్యాంకు మేడమ్ అందుకుంది.

తన జెల్ తీయించుకోవడానికి వచ్చిన బ్యాంకు మేడమ్ కోడలి బల్ల దగ్గర కూర్చుని ఉంది. ఆవిడ పది వేళ్ళకీ జెల్‌ని మెత్తబరిచే రిమూవరులో ముంచిన దూది పెట్టి, పైన వెండిరంగు ఫాయిలు చుట్టి ఉంది. పావుగంట నానాలి. అందాకా ఆవిడ తలుపు తీయలేదు, ఫోను ఎత్తలేదు, ముక్కు మీద దురద పుట్టినా గోక్కోలేదు. మామూలుగా అయితే ఆ పావుగంటా ఆవిడకి నరకం. ఇవాళ మాత్రం ఎవరైనా వచ్చి విప్పుతామన్నా విప్పనిచ్చేట్టు లేదు.

"మా చెల్లెలి పెళ్ళికి," అంది నర్సు. గొంతు కొంచెం తగ్గింది. "నాలుగు రోజులు సెలవు పెట్టాను. డ్యూటీకి ముందురోజు తీయించేశాను. ఏడాదిలో నా చేతులకి రంగు ఉన్నది ఆ నాలుగు రోజులే."

అత్తయ్యకి జాలేసింది. కోపం మీద ఉన్నప్పుడు జాలి కలగడం ఆవిడకి అస్సలు నచ్చదు. "కూర్చో అమ్మా," అంది విసురుగా. "మాటలతో తేలదిది. చెయ్యి ఇటివ్వు."

భూతద్దం ఉన్న దీపం దగ్గరికి లాగింది. గోళ్ళకు రాసే నూనె సీసా తీసి, ఒక్కో గోటి మీద ఒక్కో చుక్క వేసి, గ్లవ్స్ వేసుకున్న బొటనవేలితో మెల్లగా రుద్దింది. పది గోళ్ళకీ రుద్దడం పూర్తయ్యేసరికి మొదటి గోటి మీది మచ్చ కనిపించడం మానేసింది. తర్వాత రెండోది. నర్సు ముందుకు వంగి చూసింది. మచ్చలు ఒక్కొక్కటే గోరు రంగులో కలిసిపోతున్నాయి.

"పోయాయా?" అంది.

"పోలేదు, దాక్కున్నాయి. నూనె ఆరితే మళ్ళీ వస్తాయి. గోటి పైపొర లేచిపోయి గరుకుదేలితే ఇలా తెల్లగా కనిపిస్తుంది, తడి తగలగానే సర్దుకుంటుంది. నేను చూసినంతలో ఫంగస్ మచ్చ నూనెకి ఇలా లొంగదు. నేను డాక్టర్ని కాను, ఆ మాట ఆయన్నే చెప్పనీ. కానీ నువ్వు ఈ రాత్రి నిద్రపోవచ్చు. కొత్త గోరు ఎదిగి వీటిని ముందుకు తోసేస్తుంది. నాలుగు నెలలు, మహా అయితే ఆరు."

అప్పుడు కూర్చుంది నర్సు. రెండు రోజులుగా బిగబట్టిన ఊపిరి వదిలింది. వదిలాక, నిజాయితీ ఉన్నవాళ్ళకి వచ్చే కష్టమే ఆమెకీ వచ్చింది.

"ఒక మాట చెప్పాలి," అంది. "ఈ కుడి బొటనవేలు నేనే పీక్కున్నాను. ఇక్కణ్ణుంచి వెళ్తూ బస్సులో చూసుకుంటే ఓ మూల చిన్న ముక్క మిగిలి ఉంది. అంచు లేచి ఉంటే చెయ్యి ఊరుకోలేదు. లాగాను. గోటి పొరతో సహా ఊడొచ్చింది."

"అదీ సంగతి," అంది బ్యాంకు మేడమ్, ఫాయిలు చుట్టిన వేళ్ళన్నీ గాల్లోకి ఎత్తి. "తనే పీక్కుని వచ్చి మిమ్మల్ని అంటోంది. ఒకటి పీకినావిడ పదీ పీకదా ఏం?"

"నేను ఒక్కటే పీకాను," అంది నర్సు.

"అలాగే అంటారు అందరూ."

నర్సు ముఖం ఎర్రబడింది. చెప్పినా ఎవరు నమ్ముతారు? ఒక వేలు తనదేనని ఒప్పుకున్నాక మిగతా తొమ్మిదికీ సాక్ష్యం ఎక్కణ్ణుంచి తెస్తుంది?

అత్తయ్య వినడం లేదు. దూదితో నూనె తుడిచి, మచ్చలు మళ్ళీ తేలేదాకా ఆగి, భూతద్దంలోంచి చూస్తోంది. బొటనవేలి మచ్చ పెచ్చు ఊడిన గోడలా ఉంది. అంచు స్పష్టంగా కనిపిస్తోంది, లోపల గీతలేమీ లేవు. అది పీకినదే, ఆ పిల్ల నిజమే చెప్పింది. మిగతా తొమ్మిదీ అలా లేవు. వాటి మీద సన్నటి గీతలున్నాయి, దగ్గరదగ్గరగా, ఏదో గట్టి వస్తువుతో గీకినట్టు. ప్రతి గీతా ఒక పక్క లోతుగా మొదలై రెండో పక్కకి పోయేసరికి పలచబడింది.

ఎడమ చేతి గోళ్ళు చూసింది. తర్వాత కుడి చేతివి. మళ్ళీ ఎడమవి చూసింది.

మనిషి తన గోళ్ళు తనే గీక్కుంటే ఎడమ చేతి మీద గీతలు ఒకవైపు వాలతాయి, కుడి చేతి మీద వాటికి ఎదురు వాలతాయి. చెయ్యి మారుతుంది కదా. ఇక్కడ రెండు చేతుల మీదా గీతలు ఒకే వైపు వాలి ఉన్నాయి. ఎదురుగా కూర్చున్న మనిషి, ఒకే చేత్తో, పదింటినీ వరసగా గీకితే తప్ప అలా రావు. పైగా ఆ వాలు అత్తయ్య చేతి వాలు కాదు. కుడిచేతి వాటం ఉన్నవాళ్ళ గీత అటు పోదు.

ఈ షాపులో ఎడమచేతి వాటం ఒక్కరిదే. మూడేళ్ళ కిందట అత్తయ్య ఎదురుగా కూర్చుని, అద్దంలో చూసుకుంటున్నట్టు, ఆవిడ కుడి చేత్తో చేసే ప్రతి పనీ తను ఎడం చేత్తో చేసి నేర్చుకున్న పిల్ల. అప్పట్లో అత్తయ్య ఆ సంగతి వచ్చినవాళ్ళందరికీ గొప్పగా చెప్పుకునేది.

అత్తయ్య భూతద్దం పక్కకి నెట్టింది. తలెత్తి కోడలి వైపు చూసింది. కోడలు ఖాళీగానే ఉంది, అయినా ఖాళీగా లేనట్టు సీసాల మూతలు తుడుస్తోంది. తుడిచిన సీసానే మళ్ళీ తుడుస్తోంది.

ఇక్కడ మనం ఒక్క క్షణం అత్తయ్య పక్కన నిలబడాలి. ఆవిడ ఏమీ అబద్ధం చెప్పక్కర్లేదు. ఊరికే దీపం ఆర్పేసి, "సరేలే అమ్మా, నూనె రాస్తూ ఉండు," అంటే చాలు. నర్సు ఒక వేలు ఒప్పుకునే ఉంది. బ్యాంకు మేడమ్ తీర్పు ఇచ్చేసే ఉంది. షాపు పరువు నిలుస్తుంది, షట్టర్ దిగదు, కోడలు రెండో బల్ల వెనకే ఉంటుంది. నష్టమల్లా నర్సుకే. ఆమె నాలుగింటికి డాక్టరు ముందు నిలబడి, ఎందుకు వచ్చాయో తెలీదనాలి. పీకే అలవాటున్న మనిషని చీటీ మీద రాస్తే ఊరుకోవాలి. ఆమె అత్తయ్యకి చుట్టమా పక్కమా? ఏడాదికోసారి వచ్చే మనిషి.

అత్తయ్య దీపం ఆర్పలేదు.

"తొమ్మిది గోళ్ళూ మా షాపులో చేసినవే," అంది.

బ్యాంకు మేడమ్ వేళ్ళు గాల్లోనే ఆగిపోయాయి. నర్సు సరిగా విన్నానా అన్నట్టు చూసింది.

"ఇదిగో, ఇటు చూడు," అంది అత్తయ్య, భూతద్దం ఆమె వైపు తిప్పి. గీతలు ఎటు వాలాయో, ఎందుకు అవి నర్సు తన చేత్తో గీక్కున్నవి కావో విడమర్చి చెప్పింది. పాఠం చెప్తున్నట్టే చెప్పింది. "నిన్ను అనుమానించాను. నలుగురిలో గట్టిగా మాట్లాడాను. తప్పు నాది."

తర్వాత కోడలి వైపు తిరిగింది. "స్టీలు పుల్ల వాడావా?"

ఆ షాపులో రెండు రకాల పుల్లలుంటాయి. గోటి మొదట్లో చర్మం వెనక్కి నెట్టడానికి స్టీలుది. నానిన జెల్ తోసెయ్యడానికి చెక్కది. జెల్ తీసేటప్పుడు స్టీలు ముట్టుకోకూడదన్నది కోడలికి అత్తయ్య మొదటిరోజు చెప్పిన మొదటి మాట.

"వాడాను," అంది కోడలు.

"పావుగంట నానబెట్టానన్నావు."

"అది నిజమే అత్తయ్యా."

"పావుగంట నానితే అదే ముడతపడి లేస్తుంది కదమ్మా. చెక్కపుల్ల ఆనిస్తే జారిపోతుంది. స్టీలుతో ఇంతలా గీకాల్సిన ఖర్మేంటి? ఎందుకు గీకావు?"

కోడలు సీసా కింద పెట్టి, తల ఇంకా కిందికి దించేసింది.

అత్తయ్య లేచింది. ఇంకేమీ అడగకుండా గుమ్మం దాకా నడిచి, పైకి చూసి, షట్టర్ కొక్కెం అందుకుంది. ఆడినమాట తప్పే మనిషి కాదు ఆవిడ. ఆ మొండితనం వల్లే షాపు నిలబడింది, ఆ మొండితనం వల్లే చుట్టాల్లో సగం మంది ఇంటికి రావడం మానేశారు. షట్టర్ కిర్రుమంటూ నడుము ఎత్తు దాకా దిగింది. దారిన పోయేవాళ్ళ తలలు మాయమై కాళ్ళు మిగిలాయి.

"ఆంటీ," అంది నర్సు.

అత్తయ్య ఆగింది.

"మీరు షట్టర్ దించితే నాకేం వస్తుంది? నాకు కావాల్సింది కాగితం. డాక్టరు గారు మొదట అడిగేది అదే, ఎవరు తీశారు, దేంతో తీశారు, ఎంతసేపు నానబెట్టారు అని. అది రాసివ్వండి. షట్టర్ సంగతి తర్వాత మీరూ మీరూ చూసుకోండి."

"నా సంగతి కూడా చూడండి," అంది బ్యాంకు మేడమ్. "నా పావుగంట ఎప్పుడో అయిపోయింది. చుట్టినవి చుట్టినట్టే ఉన్నాయి."

ఎంత బాధలో ఉన్నా పని గుర్తొస్తే అత్తయ్య కాళ్ళు వాటంతటవే కదులుతాయి. షట్టర్ అలాగే సగంలో వదిలేసి వెనక్కి వచ్చింది. "ముందు కాగితం," అంది. సొరుగులోంచి షాపు పేరున్న కాగితం తీసి, పెన్నుతో పాటు కోడలి ముందు పెట్టింది. "చేసినవాళ్ళే రాయాలి. రాయి."

కోడలు గ్లవ్స్‌తోనే పెన్ను పట్టుకుంది.

"గ్లవ్స్ తీసి రాయమ్మా. ఆసుపత్రికి పోయే కాగితం, మరకలంటుతాయి."

"పర్లేదు అత్తయ్యా."

"తీయి."

కోడలు తీయలేదు. పెన్ను పట్టుకుని అలాగే కూర్చుంది. నర్సు ఆమెను చూస్తోంది. ఆపరేషన్ బల్ల పక్కన నిలబడి మాట్లాడలేని మనుషుల్ని చూడటం అలవాటైన చూపు అది. లేచి వెళ్ళి పక్కన కూర్చుని, "నేను తీయనా?" అని అడిగింది. ఆ అడగడంలో మెత్తదనం ఉంది. కోడలు ఎడం చెయ్యి ఇచ్చేసింది.

గ్లవ్ మణికట్టు దగ్గర నుంచి మెల్లగా ఒలిచినట్టు తీసింది నర్సు. చూపుడువేలు, మధ్యవేలు, బొటనవేలు, మూడింటి కొసలూ ఎర్రగా ఉబ్బి ఉన్నాయి. చర్మం ఎండిన మట్టిలా బీటలు తీసింది. ఒక పగులులో ఇంకా తడి ఉంది.

బ్యాంకు మేడమ్ కూడా ఏమీ అనలేదు, అదొక విశేషం.

"చెక్కపుల్ల పట్టుకుంటే పట్టుకున్నట్టే తెలీట్లేదు అత్తయ్యా," అంది కోడలు. "ఎంత నొక్కుతున్నానో తెలీదు. వేలి చివర్లు నావి కానట్టుంటాయి. స్టీలుదైతే కనీసం చల్లగా తగులుతుంది. చేతిలో ఉందని తెలుస్తుంది. అందుకని అదే తీసుకున్నాను. ఈవిడ గోరు మీద అంత గట్టిగా పడుతోందని నాకు నిజంగా తెలీలేదు." నర్సు వైపు చూసింది. "మీ పని పోయే దాకా తెచ్చాను. క్షమించండి."

నర్సు ఆ చెయ్యి వదల్లేదు. "దురద ఉందా? ఎన్నాళ్ళయింది?"

"ఐదు నెలలు. మొదట్లో దురదే. తర్వాత మంట. ఇప్పుడు మంట కూడా సరిగ్గా తెలీదు."

"ఐదు నెలలు," అంది అత్తయ్య. ఇంక ఆగలేదు. "ఒకే ఇంట్లో ఉంటాం. ఒకే పొయ్యి మీద వండుకుంటాం. పక్కపక్క బల్లల మీద కూర్చుంటాం. ఐదు నెలలు నా కళ్ళముందు ఈ చేతులేసుకుని తిరిగావా? నాకు ఒక్క మాట చెప్పలేకపోయావా? నొప్పి దాచుకుంటే గొప్పా? ఇంట్లో ఇంకో మనిషి ఉందే, చెబితే చూస్తుందే, అని తోచలేదా నీకు?"

"తోచింది."

"మరి?"

"చెబితే జెల్ ముట్టుకోవద్దంటారు. ముట్టుకోకపోతే నాకు ఈ బల్ల ఎందుకు? బల్ల లేకపోతే ఇక్కడ నేనెవర్ని?" కోడలు ఆ మాట ఏడవకుండా అంది. ఎన్నోసార్లు లోపల అనుకుని అనుకుని అరిగిపోయిన మాట అది. "మీ అబ్బాయి ఉన్నప్పుడు సరే. ఇప్పుడు ఏమని ఉండను?"

అత్తయ్య బల్ల అంచు పట్టుకుంది. మూడేళ్ళుగా ఇద్దరూ తప్పించుకు తిరిగిన మాట ఇలా, పట్టపగలు, ఫాయిలు చుట్టుకున్న బ్యాంకు మేడమ్ ముందు బయటపడుతుందని ఆవిడ అనుకోలేదు.

"బల్ల కోసం ఉంచుకున్నాననుకున్నావా నిన్ను?" అంది. "పిచ్చిదానా, పొద్దున లేచి నువ్వు కనిపించకపోతే నాకు తోచదు. ఏం చెప్పి ఉండమనాలో తెలీక బల్ల వేయించాను. అంతకంటే ఎలా అడగాలో నాకు రాలేదు."

కోడలు ఏడవలేదన్నాను కదా, ఆ మాటకి ఏడ్చింది. నర్సు దూది ఇచ్చింది, అక్కడ దూదికి కొదవ లేదు.

కాసేపటికి నర్సు చెప్పింది. జెల్ ఆరకముందు తడిగా ఉన్నప్పుడు చర్మానికి తగులుతూ ఉంటే కొందరికి పడదని, గోళ్ళ పని చేసేవాళ్ళని ఇలాంటి చేతులతో ఆసుపత్రిలో ఇద్దరు ముగ్గుర్ని చూశానని, ఈ పలచటి గ్లవ్స్‌లోంచి అది లోపలికి దిగుతుందని, ఒకసారి పడకపోవడం మొదలైతే ఇక మళ్ళీ పడటం కష్టమని. "నాతో పాటు నాలుగింటికి రా," అంది కోడలితో. "నా టోకెన్ మీదే చూపిస్తాను. డాక్టరు గారు మంచివారు, నేను చెప్పుకుంటాను."

"మీ గోళ్ళు ఇలా చేసినదాన్ని నేను."

"అందుకే నువ్వుంటే మంచిది. ఆయన అడిగేవి నువ్వే చెప్తావు."

కోడలు కళ్ళు తుడుచుకుని రాయడం మొదలుపెట్టింది. పెన్ను రెండుసార్లు జారింది, రెండుసార్లూ పట్టుకుంది. 'ఈమె గోళ్ళ మీద ఉన్న జెల్ తీసింది నేను. పదిహేను నిమిషాలు నానబెట్టాను. చెక్కపుల్లకు బదులు స్టీలు పుల్ల వాడాను. నా వేళ్ళకు స్పర్శ తగ్గి ఉండటం వల్ల గట్టిగా గీకాను. కుడి బొటనవేలు తప్ప మిగతా తొమ్మిది గోళ్ళ మీది మచ్చలకు కారణం నేనే.' ఆ నాలుగో వాక్యం రాసేముందు ఒక్కసారి ఆగింది. అది కాగితం మీద పడ్డాక ఏ షాపూ తనకి గోళ్ళ పని ఇవ్వదని ఆమెకు తెలుసు. రాసేసింది.

ఈలోగా బ్యాంకు మేడమ్ దగ్గింది. "ఇప్పుడు నావి ఎవరు తీస్తారు?"

"ఇంకెవరు, నేనే," అంది అత్తయ్య. ఆవిడ ఎదురుగా కూర్చుని ఫాయిలు ఒక్కొక్కటే ఊడలాగింది. చెక్కపుల్ల అందుకుంది. మొదటి గోటి మీద జెల్ ముడతపడి లేచే ఉంది, తోసేసింది. రెండోది తోసింది. మూడో వేలి దగ్గర కొంచెం ఆలస్యమైంది. పుల్ల పక్కకి జారితే మళ్ళీ సర్దుకుని పట్టుకుంది.

కాగితం మడుస్తున్న నర్సు మడవడం ఆపి అటే చూస్తోంది. పుల్లని చూడటం లేదు, పట్టుకున్న తీరు చూస్తోంది. అలాంటి పని వేలికొసలతో చేస్తారు. అత్తయ్య గరిటె పట్టుకున్నట్టు గుప్పిటంతా బిగించి పట్టుకుంది.

"ఆంటీ, మీరిద్దరూ వాడేది ఒకే జెల్లా?"

"ఒకటే. ఒకే డబ్బా వస్తుంది, చెరిసగం తీసుకుంటాం."

"మీరెన్నేళ్ళుగా చేస్తున్నారు?"

"పదకొండేళ్ళు."

"ఒకసారి మీ చేతులు కూడా చూపించండి."

అత్తయ్య పుల్ల కింద పెట్టింది. రెండు చేతులూ బల్ల మీది తువ్వాలు కిందికి పోయాయి. "నావి చూడటానికేముందమ్మా," అంది. "ముసలి చేతులు."

ఇన్ని వారాలుగా ఆవిడ వెంటే తిరుగుతున్నాను. ఆవిడ కోపాలు రాశాను, మొండితనం రాశాను, వంటింట్లో ఏం కూనిరాగం తీస్తుందో కూడా రాశాను. ఈ సంగతి మాత్రం నాకూ తెలియనివ్వలేదు.

"నాకు తెలుసు అత్తయ్యా," అంది కోడలు.

అత్తయ్య తల తిప్పింది.

"పోయిన నెల పొంగుతున్న పాలగిన్నె ఉత్త చేత్తో దించేశారు. కింద పెట్టాక కూడా చెయ్యి విదిలించలేదు. నేను గుమ్మంలోనే ఉన్నాను. ఆ రోజు నుంచే జెల్ తీయించుకోవడానికి వచ్చినవాళ్ళందర్నీ నా బల్ల దగ్గరికి పిలుస్తున్నాను. మీకు అది ఎక్కువ కష్టమని. ఈవిడ వచ్చిన రోజు మామూలుగా మీ దగ్గర చేయించుకునేవాళ్ళే ముగ్గురు నా బల్ల దగ్గర కూర్చుని ఉన్నారు. వాళ్ళని మీ దగ్గరికి పంపాల్సి వస్తుందేమోనని తొందరపడ్డాను. పుట్టింటికి వెళ్ళిపోదామని ఎన్నోసార్లు అనుకున్నాను అత్తయ్యా, మీరు ఆ చేతులతో ఒక్కరే ఈ షాపులో కూర్చుంటారని తలుచుకుంటే కాళ్ళు కదల్లేదు."

ఐదు నెలలు ఎందుకు దాచావని ఇంతకుముందే గట్టిగా నిలదీసిన మనిషి ఇప్పుడు ఏం మాట్లాడుతుంది? అత్తయ్య తువ్వాలు కింద నుంచి కుడి చెయ్యి బయటికి తీసింది. నర్సు ముందు కాదు, కోడలి ముందు పెట్టింది.

"నువ్వు లాగు," అంది మెల్లగా. "పొద్దున వేసుకున్నది. నాకు ఊడి రావట్లేదు."

కోడలు నర్సు చేసినట్టే మణికట్టు దగ్గర పట్టుకుని ఒలవడం మొదలుపెట్టింది. గ్లవ్ అరచేతి సగం దాకా వచ్చింది, దానికి అంటుకుని కింద చర్మం కూడా లేస్తోంది. అత్తయ్య ముఖంలో ఏ మార్పూ లేదు, నొప్పి తెలుస్తున్నట్టే లేదు.

నర్సు ఒక్క ఉదుటున లేచి కోడలి మణికట్టు పట్టుకుంది.

"ఆగు," అంది. "ఇంక లాగకు."